దుర్గి నుంచి రాజుపాలేనికి, గట్టి బ్రేకుతో

దుర్గిలో రాయి చెక్కించుకుని సొంత ఊరికి తీసుకెళ్లాలనుకునేవాళ్లు నన్ను దారి అడుగుతుంటారు. ఆ దారిన నేను రాయి తెచ్చింది ఒక్కసారే, పంతొమ్మిది వందల అరవైల్లో, మా తమ్ముడు దానియేలు సమాధి కోసం. వాడు మా ఊరి కామందు పికప్ బండికి డ్రైవరు. మిరపకాయ బస్తాలతో వస్తూ కారంపూడి దగ్గర నాగులేరు చప్టా మీంచి బండితో సహా నీళ్లలో పడ్డాడు. బండి దక్కింది, వాడు దక్కలేదు. నిర్లక్ష్యంగా తోలాడని కాగితాల్లో రాశారు. తాగి తోలాడని ఊళ్లో అన్నారు. వాడు చుక్క ముట్టడని అందరికీ తెలుసు, అయినా అన్నారు. ఏడాది తిరిగాక జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం, ఆ సాయంత్రానికి రాయి నిలబెట్టాలి. పెట్రోలు పోయించుకుంటే బండి ఇస్తానన్నాడు కామందు. అదే బండి. బడిపంతులు జీతానికి వేరే బండి ఎక్కడ దొరుకుతుంది? నోరు మూసుకుని తీసుకున్నాను.

నోరు మూసుకోవడం నాకు కొత్త కాదు. వాడు పోయే ముందు, దసరా వెళ్లిన నెలకి దానియేలు నాతో అన్నాడు, "బ్రేకు రాయి మాదిరి ఉందన్నా. రెండు కాళ్లేసి తొక్కాల్సొస్తంది. కామందుకి చెప్తే నీ కాళ్లల్లో సత్తువ లేదంటన్నాడు." నేనేమన్నానో కూడా రాస్తాను. "ఆయన బండికి వంకలు పెట్టమాక, ఉద్యోగం పోద్ది" అన్నాను.

తెల్లవారుజామున ఐదింటికి మా రాజుపాలెంలో బయల్దేరాం. పిడుగురాళ్లలో ఇడ్లీ తిని, కారంపూడి మీదుగా దుర్గి చేరేసరికి తొమ్మిదిన్నర. కొత్త డ్రైవరు సైదులు పాత లారీల మీద పని నేర్చినవాడు. బ్రేకు ఎలా ఉందని అడిగితే నవ్వాడు. "చానా గట్టిగా ఉంది మేష్టారూ. పెడలు గట్టిగా ఉంటే బ్రేకు గట్టిగా ఉన్నట్టే గదా!" నాకు నవ్వు రాలేదు, అయినా ఊరుకున్నాను.

దుర్గి శిల్పి మాట తప్పలేదు. ముప్పై ఐదు రూపాయలకు నిలువెత్తు రాయి, దాని మీద సిలువ, తమ్ముడి పేరు. డబ్బిచ్చాక కూడా గంట దాకా ఆగాను, రాయికి చేయాల్సిన తతంగం ఇంకేమైనా ఉందేమోనని. "దేవుడి బొమ్మయితే మంచి రోజు చూసి కళ్లు తెరిపించాల. దీనికా పని లేదు, తీసుకుపోండయ్యా" అన్నాడాయన. వరిగడ్డి పరిచి, ఆరుగురం పట్టి రాయిని ఎక్కించి, పదకొండున్నరకు బయల్దేరాం. బండి ఖాళీగా ఉన్నప్పుడు బయటపడని రోగం బరువెక్కాక బయటపడింది. నాగులేటి పల్లంలో సైదులు సీట్లోంచి లేచి రెండు కాళ్లూ పెడలు మీద వేశాడు. అది దిగలేదు, బండి ఆగలేదు. చేతి బ్రేకు లాగి, పక్కనున్న మట్టిగట్టుకు ఎక్కించాడు. చప్టా ఇంకా పది గజాలుంది. దిగి చప్టా దాకా నడిచాను. తమ్ముడు చివరగా చూసింది ఈ పల్లమే, తొక్కింది ఈ పెడలే.

కారంపూడి నుంచి ఖాసిం అనే మెకానిక్కును పిలిపించాం. ముసలాయన, తొందర లేని మనిషి. ముందు ఇంజను ఆపించి, పెడలు నాలుగుసార్లు తొక్కించి, కాలు తియ్యకుండా ఇంజను వేయమన్నాడు. "కిందికి జారిందా?"

"జారలేదు బాబాయ్, రాయే" అన్నాడు సైదులు.

"మరి రాయే గదా. బ్రేకుకి ఒక డబ్బా ఉంటది, ఇంజను పీల్చే గాలితో అది నీ కాలికి సాయం చేస్తుద్ది. ఆ సాయం రావడంలా." బానెట్ ఎత్తి చెవి పెట్టాడు. సన్నగా బుస వినిపించింది. ఇంజను నుంచి డబ్బాకు పోయే రబ్బరు గొట్టం మీద చెంబుతో నీళ్లు పోశాడు. బుస ఆగి, ఇంజను చప్పుడు మారింది. అక్కడ చెయ్యి పెట్టి తడిమి, "ఇదేంది?" అన్నాడు.

ఆయుధపూజకు కామందు ఇంట్లో మంత్రించిన రాగిరేకు ఇంజనుకు కడతారు. దాన్ని ఆ రబ్బరు గొట్టానికి ఇనప తీగతో నాలుగు చుట్లు చుట్టి, బిగించి కట్టారు. తీగ తుప్పుపట్టి, రబ్బరును కోసుకుంటూ లోపలికి దిగింది. పక్కనే రెండో రేకు, ఇంకా మెరుస్తోంది. అది తమ్ముడు పోయాక, బండికి తగిలిన దిష్టి పోవాలని కట్టింది.

"పాత తీగేనయ్యా కోసింది. ఏడాది పైమాటే. అప్పుడు తోలినోడెవరో గాని, పాపం, ఎంత తొక్కినా ఏం లాభం?" అన్నాడు ఖాసిం. అక్కడే రోడ్డు మీద కూర్చుని ఏడ్చాను.

ఆయన తెగినచోటు కోసేసి, రెండు కొసల మధ్య ఇనప గొట్టం ముక్క దూర్చి పట్టీలు బిగించాడు. మళ్లీ అదే పరీక్ష. ఈసారి పెడలు మెత్తగా కిందికి దిగింది. అరగంట పని, రూపాయిన్నర కూలి.

సాయంత్రం ఐదింటికి ఊరు చేరాం. సమాధి కన్నా ముందు కామందు ఇంటికి పోయి, తెగిన గొట్టం ముక్కా, రెండు రేకులూ అరుగు మీద పెట్టాను. చెప్పాల్సిందంతా చెప్పాను. ఆయన రేకులు తీసి కళ్లకద్దుకున్నాడు. గొట్టం ముక్క వైపు చూడలేదు. "ఏమయ్యా పంతులూ, మా అమ్మ కట్టించిన రేకులు నువ్వెట్టా తీస్తావు? రేపు బండికేమన్నా అయితే?"

చీకటి పడేలోపు రాయి నిలబెట్టాం. కూడికలో జనం ముందు గొట్టం ముక్క ఎత్తి చూపించాను. కొందరు తలొంచుకున్నారు, కొందరు నమ్మలేదు. కాగితాల్లో రాసింది మాత్రం మారలేదు. కామందు మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. కానీ ఆయనకు వాడు జీతగాడు, నాకు తమ్ముడు. వాడి మాట నమ్మాల్సింది ముందు నేను.

ఆ దారిన బరువు వేసుకుని వెళ్లేవాళ్లు బయల్దేరే ముందు ఖాసిం చేసిన పరీక్ష చెయ్యండి. ఇంజను ఆపి పెడలు నాలుగుసార్లు తొక్కి, కాలు అలాగే ఉంచి ఇంజను వెయ్యండి. పెడలు కొంచెం కిందికి జారకపోతే బండి కదపొద్దు. డ్రైవరే నోరు తెరిచి బ్రేకు రాయి మాదిరి ఉందని చెబితే ఆ పరీక్ష కూడా అక్కర్లేదు. అతని మాట నమ్మండి.