ఎలిజబెత్ పేరు మీద రూబీ వేలిముద్ర

ఎలిజబెత్ ఎవరినీ ఊరికే తిట్టదు. తిట్టాల్సిన మనిషిని గుర్తుపెట్టుకుంటుంది. గణపవరానికి కూతవేటు దూరంలో ఉన్న ఆ చిన్న ఊళ్లో, క్రైస్తవుల పేటలో, ఆ సంగతి తెలిసినవాళ్లు ఆమె దగ్గర కాస్త నోరు అదుపులో పెట్టుకుని మాట్లాడేవారు. ఆమె మిషన్ స్కూల్లో ఏడో తరగతి దాకా చదివింది. పేటలో ఆమె ఈడు ఆడవాళ్లలో చదవడం, రాయడం వచ్చింది ఆమె ఒక్కదానికే. ఆదివారం గుడిలో వాక్యం చదివేది ఆమే, మనియార్డరు ఫారాలు నింపేదీ ఆమే. తన సంతకం మాత్రం తీరిగ్గా, ఇంటిపేరుతో సహా పెట్టేది. అవతల పోస్టుమాన్ విసుక్కుంటున్నా తొందరపడేది కాదు.

భర్త అహరోను ఆకివీడులో చేపల లారీలకు పెట్టెలు ఎత్తే కూలీ. 2003 వానాకాలంలో తాడు తెగి ఐసు పెట్టెలు మీద పడి పోయాడు. పిల్లలు లేరు. కూలీలందరికీ కలిపి వాళ్ల కూలీల సంఘం కట్టిన ఇన్సూరెన్సు ఉందని, కొన్నాళ్లకు ఆమె పేరు మీద లక్ష రూపాయల చెక్కు వస్తుందని సంఘం పెద్ద అబ్బాయిరాజు చెప్పాడు. ఎలిజబెత్ సరేనంది. రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి కుదిరి, చెక్కు కోసం ఎదురుచూడసాగింది.

చెక్కు వచ్చింది. ఆమె షెడ్డులో ఉండగా వచ్చింది. పక్క వాటాలో ఉండే మరిది నెహెమ్యా, వదినకు ఇస్తానని పోస్టుమాన్ దగ్గర రిజిస్టరు కవరు పుచ్చుకుని, ఇవ్వడం మర్చిపోయాడు. మర్చిపోయాడనేది తర్వాత కోర్టులో అతని వకీలు చెప్పిన మాట. ఆ మర్చిపోయిన పెద్దమనిషి, చెక్కు జేబులో పెట్టుకుని తాను ఉల్లిపాయల బస్తాలు మోసే తాడేపల్లిగూడెం దాకా వెళ్లాడు. వెంట భార్య రూబీని తీసుకెళ్లాడు. ఈమే ఎలిజబెత్ అని చెప్పి బ్యాంకులో ఖాతా తెరిపించాడు.

ఖాతా ఉన్నవాడు ఒకడు 'ఈ మనిషి నాకు తెలుసు' అని సంతకం పెడితే సరిపోయే రోజులవి. నెహెమ్యా పనిచేసే కొట్టు యజమాని తలెత్తి చూడకుండా ఆ సంతకం గిలికి పారేశాడు. రూబీకి చదువు రాదు. అదీ మంచికే అనుకున్నాడు నెహెమ్యా. సంతకమైతే దొంగ సంతకమని ఎవరైనా పోల్చి పట్టుకుంటారు, వేలిముద్రను ఎవడు చూడొచ్చాడని అతని లెక్క. ఆ అతితెలివే వాళ్ల కొంప ముంచింది.

ఏడాది దాటాక ఎలిజబెత్ ఏలూరు వెళ్లి ఇన్సూరెన్సు ఆఫీసులో అడిగింది. "ఎప్పుడో పంపేశామమ్మా. తాడేపల్లిగూడెంలో డబ్బు కూడా తీసేసుకున్నారు కదా" అన్నాడు గుమాస్తా. ఆమె బ్యాంకు పేరు అడిగి రాసుకుంది. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి గూడెం వెళ్లింది.

బ్యాంకు ఆఫీసరు ఖాతా ఫారం తీసి బల్ల మీద పెట్టాడు. ఫోటోలో రూబీ ఉంది. ఒంటి మీద ఎలిజబెత్ చీర ఉంది. అహరోనును సమాధి చేసిన రోజు ఆమె అన్న తెచ్చి భుజాల మీద కప్పిన తెల్ల చీర అది. పెట్టెలోంచి ఎప్పుడు పోయిందో, ఎప్పుడు తిరిగొచ్చి మడత పడిందో ఆమెకు తెలియదు. రూబీ మెడలో తాళి లేదు. గుండ్రాయిలాంటి మొగుడు స్టూడియో బయట నిలబడి ఉండగా, ఆమె లోపల విధవరాలిగా ఫోటో దిగింది. ఫోటో కింద ఎలిజబెత్ అనే పేరు, దాని పక్కన నీలంరంగు వేలిముద్ర ఉన్నాయి.

"ఈవిడ మీరు కాదా అండీ?" అన్నాడు ఆఫీసరు.

"కాదండి. నాకు సంతకం వచ్చండి" అని, అతని పెన్ను తీసుకుని, ఇంటిపేరుతో సహా రాసి చూపించింది. ఆఫీసరు ఆ సంతకాన్నీ, ఫారం మీది వేలిముద్రనూ మార్చి మార్చి చూశాడు. ఎలిజబెత్‌కు ఒళ్లంతా మంట పుట్టింది. డబ్బు పోతే పోయింది, తన భర్త చావును ఒకతె చీరలా కట్టుకుని ఫోటో దిగింది. తన పేరును వేలిముద్రగాళ్ల పేరు చేసింది. వీళ్లిద్దరూ జైలుకు వెళ్లేదాకా నిద్రపోకూడదని ఆ బల్ల దగ్గరే అనుకుంది.

పోలీసు స్టేషన్లో ఎస్సై నెమ్మదస్తుడు. ఫిర్యాదు చదివి, "చూడండమ్మా, ఇది చెక్కు మార్చుకున్నంత చిన్న సంగతి కాదు. వేరే మనిషినని చెప్పుకోవడం ఒక నేరం. ఆ పేరుతో దొంగ కాయితం పుట్టించడం ఇంకోటి. అది వాడుకుని డబ్బు తీసుకోవడం మరోటి. చివరిదాకా వెళ్తే ఏళ్ల తరబడి జైలండి. మీవాళ్లే కదా, ఆలోచించుకోండి" అన్నాడు.

"చివరిదాకానే వెళ్దామండి" అంది ఎలిజబెత్.

ఆర్నెల్లు తిరిగేసరికి బ్యాంకు తన తప్పు ఒప్పుకుని ఆమె డబ్బు ఆమెకిచ్చేసింది. ఇక అందరికీ నోళ్లు లేచాయి. డబ్బు వచ్చింది కదా, ఇంకా ఈ పంతమేమిటని పేటంతా సణిగింది. "డబ్బు బ్యాంకు ఇచ్చిందండి. వాళ్లేమిచ్చారు?" అని అడిగేది ఆమె.

నెహెమ్యా ఆ లక్షనూ కైకలూరు అవతల కొల్లేట్లో ఒక చేపల చెరువు వాటాలో పెట్టాడు. 2006లో సర్కారు కొల్లేట్లో చెరువు గట్లు కొట్టించినప్పుడు ఆ గట్టూ పోయింది. ఆ సంగతి తెలిసి ఎలిజబెత్ షెడ్డుకు సెలవు పెట్టి, రెండు బస్సులు మారి, పనిగట్టుకుని వెళ్లి చూసొచ్చింది. తెగిన గట్టు మీద కూర్చుని, కొనుక్కున్న వేరుశనక్కాయలు అన్నీ వొలుచుకు తిన్నాకే లేచింది. ఆ రోజు ఆమెకు కడుపు నిండింది. అయినా పగ తీరలేదు.

కేసు విచారణకు వచ్చే ముందు పాస్టరు మధుబాబు గారు ఇద్దరు గుడి పెద్దలతో ఇంటికి వచ్చారు. రాజీ పడదామంటే దొంగ కాయితాల కేసులో చట్టం ఒప్పుకోదని నెహెమ్యా వకీలు చెప్పాడట. అందుకని ఆయనే ఒక దారి చూపించాడట.

"నువ్వు సాక్ష్యం చెప్పేటప్పుడు, ఫోటోలో ఉన్నది ఎవరో నాకు తెలియదండీ అంటే చాలమ్మా. కేసు దానంతటదే పోతుంది" అన్నారు పాస్టరు గారు.

"దేవుని సాక్షిగా అని ప్రమాణం చేసి, అబద్ధం చెప్పమంటున్నారా అయ్యగారూ?"

"సహోదరి మీద పగ పెట్టుకుని ప్రభువు బల్ల దగ్గరికి ఎలా వస్తావమ్మా?" అన్నారు.

"రానండి" అంది ఎలిజబెత్. అన్నట్టే వెళ్లలేదు. నెలకో ఆదివారం రొట్టె, ద్రాక్షారసం పంచే వేళకు లేచి బయటకు వచ్చి, చెప్పులు విడిచేచోట నిలబడేది. చిన్నప్పటినుంచీ ఒక్కసారి కూడా తప్పని మనిషికి అది తేలిక కాదు. లోపల పాట వినిపిస్తుంటే చరణాలు తనలో తను పాడుకునేది. క్షమించానని అబద్ధమాడి ఆ రొట్టె తినడం కన్నా ఇదే నయమనుకునేది. రూబీ మాత్రం ప్రతిసారీ ముసుగేసుకుని వెళ్లి పుచ్చుకునేది. అది చూసినప్పుడల్లా ఎలిజబెత్ పంతం ఇంకాస్త బిగిసేది.

తాడేపల్లిగూడెం కోర్టులో రూబీ మొదట ఆ ఫోటో తనది కాదంది. వేలిముద్రల నిపుణుడు వచ్చి, బ్యాంకు కాయితం మీద ఉన్నదీ, పోలీసులు తీసుకున్నదీ ఒకే బొటనవేలని గీత గీతా చూపించాడు. ఎలిజబెత్ బోనెక్కి ప్రమాణం చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. చీర సంగతి కూడా చెప్పింది. 2007 చివర్లో మేజిస్ట్రేటు నెహెమ్యాకు రెండేళ్లు, రూబీకి ఏడాది శిక్ష వేశారు. వాళ్లు అప్పీలుకు వెళ్లారు. మరుసటేడు ఏలూరు కోర్టు కూడా అదే ఖాయం చేసింది.

వాళ్లు లొంగిపోయిన రోజు, కోర్టు వరండాలో వాళ్ల ఏడేళ్ల కూతురు షారోన్ స్తంభం పట్టుకుని నిలబడి ఉంది. రూబీ తల్లి పాపాయమ్మ మంచం పట్టింది. పిల్లను ఎవరు ఉంచుకోవాలో తేలక బంధువులు ఒకరి ముఖాలొకరు చూసుకుంటున్నారు. ఎలిజబెత్ వెళ్లి పిల్ల చెయ్యి పట్టుకుంది. "నేనుంచుకుంటాను" అని రూబీ వైపు చూస్తూ అంది. రూబీ కూతురి వైపు అడుగు వేయబోయింది. మహిళా కానిస్టేబులు ఆమెను జీపు ఎక్కించింది.

పేటంతా ముక్కున వేలేసుకుంది. ఆ ఆదివారం పాస్టరు గారు వాక్యం ఆపి, మన ఎలిజబెత్ క్షమించడమంటే ఏమిటో మనకు చూపించిందని సంతోషంగా చెప్పారు. ఎలిజబెత్ లేచి నిలబడింది.

"నేను క్షమించలేదండి అయ్యగారూ. పిల్లకు అన్నం పెడుతున్నానంతే. తన కూతురు ఎవరి చేతి కూడు తింటుందో అక్కడ దానికి పూటపూటా గుర్తు రావాలనండి" అంది. అది రొట్టె పంచే ఆదివారం. ఆమె మామూలుగానే బయటకు వెళ్లి నిలబడింది.

పిల్లను మాత్రం పల్లెత్తు మాట అనలేదు. స్కూలుకు పంపింది, తలకు నూనె రాసింది, జ్వరమొస్తే షెడ్డు మానేసి పక్కన కూర్చుంది. నెల తిరగ్గానే కొత్త గౌను తొడిగి రాజమండ్రి ఆడవాళ్ల జైలుకు తీసుకెళ్లింది.

ఖైదీలను కలిసే గదిలో, ఇనుప జాలీ అవతల రూబీ చిక్కి సగమై ఉంది. కూతుర్ని పైనుంచి కిందికి చూసింది. "జడలు ఎవరు వేశారే?" అంది.

"పెద్దమ్మ. నిన్న కొరమీను పులుసు కూడా పెట్టింది. నేను రెండుసార్లు వేయించుకున్నా" అంది షారోన్.

రూబీ జాలీకి నుదురు ఆనించి చాలాసేపు ఏడ్చింది. "అక్కా, నన్ను నాలుగు కొట్టి వదిలేసినా బాగుండేది" అంది.

"తెలుసు రూబీ. అందుకే కొట్టలేదు."

టైము అయిపోయిందని వార్డరు పిలిచింది. ఎలిజబెత్ పిల్ల గౌను ముడతలు సరిచేసి, "వచ్చే నెల మళ్లీ వస్తామని అమ్మకు చెప్పమ్మా" అంది.