ఆయన నిలబడి పాడినప్పుడు

ఒక్క టీవీ చుట్టూ ఎస్టేటు మొత్తం చేరి కూర్చునే కాలం ఒకటుండేది. ఇప్పుడు మలేషియాలో ఇపో పట్నంలో మా ఫ్లాటులో మనిషికో టీవీ ఉంది. (మనిషిని నేనొక్కదాన్నే. కరెంటు దండగని అదీ ఎక్కువసేపు పెట్టను.) అప్పట్లో సుంగై సిపుట్ దగ్గర మా రబ్బరు తోటలో గుమాస్తాగారింట్లోనే నలుపు తెలుపు పెట్టె ఉండేది. మా ఇంటాయన రబ్బరు పాల లారీ తోలేవారు, మనసు మాత్రం అమెరికా పశువుల కాపర్ల పాటల మీద ఉండేది. గిటారు, మెడకో రుమాలు, వెడల్పాటి అంచున్న టోపీ. పాట నిండా గుర్రాలే. ఆయన జన్మలో గుర్రాన్ని ముట్టుకున్నది లేదు. ఆ టోపీ కొన్న నెలంతా మా ఇంట్లో చేపల కూర లేదు.

ఎవరో విని చెబితే కౌలాలంపూరు టీవీ వాళ్ళు పిలిచారు. అక్కడికి వెళితే హోటళ్ళలో కూడా పాడుకుంటూ వారాల తరబడి వచ్చేవారు కాదు. నాకు పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. గదిలో ఆయన చొక్కా తప్ప పలకరించే దిక్కు లేదు. బయలుదేరే ముందు చెవిలో చెప్పారు, "పాటయినాక టోపీ అంచు ముట్టుకుంటాను. అది నీకే. ఎవులికీ సెప్పకు." ఆ ఒక్కటీ కళ్ళారా చూడాలని రోజులు లెక్కపెట్టుకున్నాను.

ఆ సాయంత్రం గుమాస్తాగారి వసారా నిండిపోయింది. ఆడవాళ్ళం ముందు వరసలో నేల మీద కూర్చున్నాం. తెర మీద ఆయన వచ్చి నిలబడ్డారు. నేనూ లేచి నిలబడ్డాను. మొగుడు నిలబడి ఉంటే పెళ్ళాం కూర్చోకూడదని మా అమ్మ నేర్పింది, అత్తగారు ఏడాదిగా దాన్ని మరింత గట్టిపరిచింది.

"కూకో లా, ఏటీ కనబడ్డం లేదు," అన్నారు వెనకనుంచి, ఇక్కడి వాళ్ళు ప్రతి మాటకీ తగిలించే 'లా' తగిలించి.

అత్త నా కొంగు లాగింది. "ఏటే పిల్లా, ఆడు పెట్టెలో ఉన్నాడు. నిన్ను సూడ్డు."

"నిలబడే ఉన్నారు కదత్తా," అన్నాను.

అత్త నా కొంగు వదిలేసింది. నేర్పింది తనే మరి. చివరికి తనే తీర్పు చెప్పింది. "అయితే పక్కకి పోయి నిలబడు. జనానికి అడ్డం రాకు."

పెట్టె పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాను. అక్కణ్ణుంచి తెర కనబడదు. ఆయన గొంతు నా మోచేతి దగ్గరినుంచి వస్తోంది, నేనేమో ఎదురుగా ఉన్న జనం ముఖాలు చూస్తున్నాను. పాట ఆగింది. అందరూ ఒక్కసారి నవ్వారు. ఇంటికి వెళుతుంటే ఆడపడుచును అడిగాను, "టోపీ ముట్టుకున్నారా?"

"ముట్టుకున్నాడు వదినా. ఏం, దురదేటి?"

తర్వాత కూడా ఆయన టీవీలో కొన్నిసార్లు పాడారు. ప్రతిసారీ నిలబడే పాడారు. గోడ పక్కన నా చోటు కూడా ఖాయమైపోయింది. ఇంటికొచ్చి "సూసినావా?" అని అడిగేవారు. "అందరూ మిమ్మల్నే సూసినారు," అనేదాన్ని. ఆయన మురిసిపోయేవారు.

ఆయన పోయి చాలా కాలమైంది. మొన్న మనవరాలు ఆయన టీవీ పాటల కోసం ఫోనులో వెతికి చూసింది. "లేదు లా అమ్మమ్మా, అప్పటివి దాచలేదంట," అంది.

ఇప్పుడు కూడా టీవీలో ఎవరైనా టోపీ పెట్టుకుని గిటారుతో నిలబడితే నా మోకాళ్ళు నన్నడక్కుండానే లేస్తాయి. గోడ పక్కకు మాత్రం పోను. సరిగ్గా పెట్టె ముందే నిలబడతాను. వెనకనుంచి కూర్చోమనేవాళ్ళు ఎవరూ లేరు. ఆ పాడేవాడి చెయ్యి టోపీ అంచు మీదికి పోతుందేమోనని పాట అయ్యేదాకా చూస్తాను. (పోదు.) నాలో నేనే నవ్వుకుని, టీవీ ఆపేసి, కూరకి ఉల్లిపాయలు తెచ్చుకుంటాను. అవి ఆయన టోపీలోనే ఉంటాయి. నెలంతా చేపలు మానుకుని కొన్నది, ఊరికే ఉంచుతానా?