చెవి ముట్టుకోని రోజు

ఆయన్ని అందరూ పక్కవేషం అంటారు. ఇరవై ఆరేళ్ళుగా తెర మీద హీరో పక్కన నిలబడే స్నేహితులకు గొంతు ఇచ్చింది ఆయనే. హీరో కోసం దెబ్బలు తినేవాడు, హీరో ఉత్తరాలు మోసేవాడు, ఇంటర్వెల్‌కు ముందు హీరో ఒళ్ళో తలపెట్టి ప్రాణం వదిలేవాడు, అందరూ ఆయన గొంతుతోనే మాట్లాడారు. ఎన్నిసార్లు చచ్చాడో ఆయనకే గుర్తులేదు.

ఆ హీరోలకు డబ్బింగు చెప్పింది అందరూ పెద్దగొంతు అని పిలిచే ఆయన స్నేహితుడు. ఇద్దరిదీ ఒకే కంచం, ఒకే మంచం. ఒకరు మైకు ముందు నిలబడితే రెండోవారు అద్దానికి ఇవతల, సౌండ్ ఇంజనీరు పక్కన కూర్చునేవారు. మాట సరిగ్గా పలకకపోతే ఇవతలివాడు చెవి ముట్టుకోవాలి. అంతే, మళ్ళీ చెప్పాల్సిందే. దర్శకుడు చప్పట్లు కొట్టినా సరే, పెద్దగొంతు చూపు మాత్రం ఆ చెవి మీదే ఉండేది.

నాలుగేళ్ళ కిందట పెద్దగొంతు భార్య పోయింది. నెల తిరక్కుండానే వచ్చి మైకు ముందు నిలబడ్డాడు. కొడుకు శవం దగ్గర హీరో ఏడ్చే ఘట్టం. ఏడుపు మధ్యలో గొంతు కీచుమంది. పెద్దాయనకు చెప్పడానికి ఇంజనీరు జంకాడు. పక్కవేషానికి స్పష్టంగా వినబడింది. కానీ అద్దం అవతల ఎర్రబడ్డ కళ్ళు తనకేసి చూస్తుంటే చెయ్యి పైకి లేవలేదు. పాపం, ఇంకోసారి ఏం ఏడిపిస్తాంలే అనుకున్నాడు. జాలి ఎంత వెధవ పని చేయిస్తుందో!

సినిమా విడుదలైంది. ఎప్పట్లాగే ఇద్దరూ మొదటి ఆటకు వెళ్ళారు. ఆ ఏడుపు దగ్గర హాలంతా గొల్లున నవ్వింది. పెద్దగొంతు మెల్లగా పక్కకు తిరిగాడు.

"నీకు ఆ రోజు వినబడిందా?"

"లేదురా," అన్నాడు పక్కవేషం.

మొదటి తప్పుకన్నా ఇది పెద్దది. పెద్దగొంతు లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ స్టూడియో గడప తొక్కలేదు, ఫోనెత్తలేదు.

ఇప్పుడు డబ్బింగు వాళ్ళంతా ఎవరి మాటలు వాళ్ళు విడివిడిగా వచ్చి చెప్పి పోతున్నారు. అద్దం ఇవతల ఇంజనీరు ఫోను చూసుకుంటూ బాగుంది సార్ అంటాడు. ఏది చెప్పినా బాగుందే. అయినా ప్రతి మాట తర్వాత పక్కవేషం ఖాళీ కుర్చీకేసి చూస్తాడు. ఇంటికెళ్తే మాట్లాడటానికి మనిషి లేడు. మాటలమ్ముకు బతికేవాడు రోజంతా తన మాట ఒక్కటీ మాట్లాడకుండా పడుకుంటాడు.

మొన్నొకరోజు కాగితం మీద ఒక డైలాగు వచ్చింది. 'నీకోసం అబద్ధమైనా చెప్తానురా.' జనం ఈలలేసే మాట. ఇలాంటివి వందసార్లు చెప్పాడు. ఈసారి నోరు పెగల్లేదు. హెడ్‌ఫోన్లు అక్కడే పడేసి నేరుగా పెద్దగొంతు ఇంటికి వెళ్ళి, కూర్చోకుండానే చెప్పేశాడు.

"వినబడిందిరా. హాల్లో అబద్ధమాడాను."

"తెలుసు," అన్నాడు పెద్దగొంతు. "లోకమంతా జాలిపడింది. నువ్వూ పడితే, నా గొంతు సంగతి ఇంక నాకెవడు చెప్తాడు?"

పని వదిలేసి ఎందుకొచ్చావని అడిగితే పక్కవేషం ఆ డైలాగు సంగతి చెప్పాడు. ఏదీ, చెప్పు చూద్దాం అన్నాడు పెద్దగొంతు.

పక్కవేషం గది మధ్యలో నిలబడి ఆ డైలాగు చెప్పాడు. పెద్దగొంతు కళ్ళు మూసుకుని విన్నాడు, చెయ్యెత్తి చెవి ముట్టుకున్నాడు.

పక్కవేషం కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టాడు.