రిలీవర్ వచ్చేదాక

సిస్టరమ్మ పోయిందన్న కబురు నాకు మధ్యాహ్నం రెండింటికి, ల్యాబులో షిఫ్టు మారే వేళ అందింది. తర్వాతి షిఫ్టుకు వచ్చిన అమ్మాయికి ఇంకా ఫలితాలు రాని శాంపిళ్ళ జాబితా అప్పజెబుతున్నాను. ఫోన్‌లో ఆమె మేనకోడలు రెండే మాటలు చెప్పింది. "అత్త పోయింది అక్కా. నిద్రలనే." నేను జాబితా చివరిదాకా చదివి, కింద సంతకం పెట్టి, కుర్చీలో కూర్చున్నాను. మొదట నాకు కలిగింది దుఃఖం కాదు, ఊరట. ఒక స్మృతి వ్యాసంలో ఇలా రాయొచ్చో లేదో తెలియదు. కానీ రాయనిది జరగనట్టే అని నేర్పింది ఆమే, అందుకని రాస్తున్నాను. దుఃఖం తర్వాత వచ్చింది, బస్సులో.

శాలిబండలో మా గల్లీ మొదట్లో ఆమె ఇల్లు, మాకు నాలుగు గుమ్మాల అవతల. ప్రభుత్వ ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి హెడ్ నర్సుగా రిటైరైన మనిషి. తెలుగు ఇళ్ళకు సిస్టరమ్మ, ఉర్దూ ఇళ్ళకు సిస్టర్ ఆపా. అసలు పేరు గ్యాస్ పుస్తకం మీద ఉండేదేమో, ఎవరం అడగలేదు. రిటైరయ్యాక కూడా వాచీ చేతికి కట్టుకోలేదు. డ్యూటీలో ఉన్నప్పటిలాగే అది భుజం దగ్గర చీరకు పిన్నుతో తలకిందులుగా వేలాడేది. కాగితం ముట్టుకోవాలన్నా మోచేతుల దాకా సబ్బుతో కడుక్కునేది.

కాగితాలంటే ఉద్యోగ దరఖాస్తులు. నర్సింగ్ చదివిన ఆడపిల్లలు, ల్యాబు పని, ఎక్స్‌రే పని నేర్చుకున్నవాళ్ళు సీవీలు పట్టుకుని ఆమె వరండాలోకి వచ్చేవాళ్ళు. సర్వీసులో ఉండగా నర్సుల ఇంటర్వ్యూలలో ఆమెను కూర్చోబెట్టేవాళ్ళట. మంచి చేతులున్న పిల్లలు చెడ్డ కాగితాల వల్ల వెనక్కి పోవడం అక్కడ చూసిందట. ఇంట్లో ఒక పెట్టె నిండా బేగంబజార్ నుంచి డజన్ల లెక్కన తెచ్చిన ప్లాస్టిక్ ఫోల్డర్లు. చేతిలో ఎప్పుడూ ఒక పెన్సిల్, ఒక కొన ఎరుపు, ఇంకో కొన నీలం. వార్డులో చార్టులు గీసిన రోజుల అలవాటు. లేనిది రాస్తే ఎర్ర కొనతో కొట్టేసేది. ఉన్నది రాయకపోతే నీలి కొనతో పక్కన రాసేది. ఆమె పద్ధతి మొత్తం అంతే.

నేను ఆమె దగ్గరికి వెళ్ళింది మూడేళ్ళ కిందట, మా అత్తమ్మ పోయిన కొన్ని నెలలకు. మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చదివి, ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో ఏడేళ్ళు చేశాను. తర్వాత ఎనిమిదేళ్ళు ఇంట్లో. మళ్ళీ ఉద్యోగం చేయాలనిపించింది, అయితే నన్ను ఎవరు తీసుకుంటారన్న అనుమానం కూడా అప్పుడే మొదలైంది. నెట్‌లో దొరికిన ఒక నమూనా చూసి సీవీ చేసుకున్నాను. కష్టపడే స్వభావం, నలుగురితో కలిసి పనిచేసే నేర్పు, ఇలాంటివన్నీ వరసగా ఉన్నాయి. ఏడేళ్ళను పదకొండేళ్ళు చేసేశాను. అప్పుడు ఖాళీ సగమే కనపడుతుంది.

ఆమె కళ్ళద్దాలు సర్దుకుని చదివింది. ఎర్ర కొన తిప్పింది.

"ఈ నాలుగేండ్లు యాడ చేసినవ్?"

యాడా చేయలేదని ఒప్పుకున్నాను.

"కేస్ షీట్ల ఒక్క బీపీ దొంగది రాసినవనుకో, మిగిలిన పది నిజమైనవి గూడ ఎవ్వరు నమ్మరు," అని పదకొండును కొట్టేసి ఏడు వేసింది. కష్టపడే స్వభావాన్ని కూడా కొట్టేసింది. కష్టపడనని రాసేటోళ్ళు ఎవరన్న ఉంటరా అని గొణిగింది. దాని బదులు రోజుకు ఎన్ని శాంపిళ్ళు చూశానో, ఏ పరీక్షలు ఎవరి సాయం లేకుండా చేశానో, ఏ యంత్రాల మీద చేయి తిరిగిందో రాయమంది. తర్వాత నీలి కొన తిప్పింది.

"మరి ఈ ఎనిమిదేండ్లు ఇంట్ల ఏం చేసినవ్?"

"ఏం చేయలే సిస్టరమ్మా. ఇంట్లనే ఉన్న."

ఆమె పెన్సిల్ బల్ల మీద పెట్టింది. నేను ఏం చేశానో ఆమెకు తెలుసు. అత్తమ్మకు పక్షవాతం వచ్చిందని ఫోన్ రాగానే ల్యాబు నుంచి పరిగెత్తుకొచ్చాను. ఇంక్యుబేటర్‌లో సూక్ష్మజీవులను పెంచడానికి పెట్టిన కల్చర్ ప్లేట్లు ఎవరికీ అప్పజెప్పలేదు. మళ్ళీ ఆ మెట్లు ఎక్కలేదు. నోటీసు లేదు, రిలీవింగ్ లెటర్ లేదు. ఎనిమిదేళ్ళు అత్తమ్మ మంచంలోనే. రెండు గంటలకోసారి పక్కకు ఎలా తిప్పాలో, దుప్పటి ముడత లేకుండా ఎలా లాగాలో మా ఇంటికొచ్చి నేర్పింది సిస్టరమ్మే.

"మీ అత్త వీపు మీద ఒక్క పుండు పడ్డదా?"

"లేదు."

"మా వార్డుల ఎనిమిది రోజులకే పడేటివి. నువ్వు ఎనిమిదేండ్లు పడనియ్యలే. ఏం చేయలేదని ఎట్లంటవ్ బిడ్డా?"

ల్యాబు ఉద్యోగానికి అదంతా ఎందుకని అడిగాను. ఆ ఖాళీల నువ్వున్నవ్ గనుక, అంది. పక్షవాతంతో మంచాన పడ్డ కుటుంబసభ్యురాలి పూర్తి సంరక్షణ అని, ఎప్పటినుంచి ఎప్పటిదాకానో కలిపి, నీలి అక్షరాల్లో ఆమే రాసింది. నేను దాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. ఆమె చాయ్ సాసర్‌లో పోసుకుని, నా వైపు చూడకుండా తాగింది.

కవరింగ్ లెటర్ దగ్గర ఇద్దరికీ పేచీ వచ్చింది. అందులో గౌరవనీయులైన అయ్యా అంటూ మొదలుపెట్టి, నా కుటుంబ పరిస్థితిని కరుణతో చూడాలని పేజీన్నర రాశాను. అదంతా తీసేయమంది. "సీవీ అంటే కేస్ షీటు, మొత్తం ఉండాలె. లెటర్ అంటే హ్యాండోవర్. నీ తర్వాత డ్యూటీకి వచ్చేటామెకు ఏం జెప్తవు? ఏ బెడ్డు, ఏం నడుస్తున్నది, ఏం కనిపెట్టుకోవాలె. గంతే." అంటే ఏ పోస్టుకు రాస్తున్నాను, ఆ పోస్టుకు పనికొచ్చేది నాకేం తెలుసు, ఎప్పుడు చేరగలను, వాళ్ళు ముందే తెలుసుకోవాల్సిన సంగతేమిటి. ఆ చివరిదాని దగ్గరే నేను మొండికేశాను. నోటీసు లేకుండా ఉద్యోగం వదిలిన సంగతి మనమే ఎందుకు చెప్పాలి? వాళ్ళంతట వాళ్ళకు తెలిసేటప్పటికంటే నీ నోట విన్నప్పుడే చిన్నగుంటది, అంది. ఒక్క వాక్యం రాయించింది, సాకులు లేకుండా. ఉత్తరం మొత్తం ఏడు వాక్యాలైంది.

మొదటి రెండు ఆసుపత్రుల నుంచి జవాబు లేదు. తప్పంతా ఆ వాక్యానిదేనని తేల్చుకున్నాను. మూడోచోటికి దాన్ని తీసేసి పంపాను, ఆమెకు చెప్పకుండా. దానికీ జవాబు రాలేదు. నాలుగోసారి సిగ్గుపడి మళ్ళీ చేర్చాను. అక్కడినుంచి పిలుపు వచ్చింది. బల్లకు అవతల కూర్చున్న డాక్టరమ్మ సరిగ్గా ఆ వాక్యం మీదే వేలు పెట్టింది. రేపు ఇంట్లో ఇంకెవరికైనా బాగాలేకపోతే మళ్ళీ అలాగే వెళ్ళిపోతారా అని అడిగింది. నేను ఏదీ సిద్ధం చేసుకోలేదు. "పోవాల్సి వస్తే పోత మేడమ్. కానీ ఈసారి హ్యాండోవర్ ఇచ్చి పోత," అన్నాను. ఆమె కాగితం తిప్పి, తర్వాతి ప్రశ్నగా బ్లడ్ కల్చర్ గురించి అడిగింది. నేను వదిలిన మెట్టుకంటే ఒక మెట్టు కింద ఉద్యోగం ఇచ్చారు. ఆరోజు వరండా ముందు ఆగి ఆ మాట చెబితే సిస్టరమ్మ అడిగింది ఒకటే, తెల్లకోటు ఇంకా పడుతుందా అని.

పోయిన ఏడాది ఆమె గుండె బలహీనపడింది. కాళ్ళు వాచేవి. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు, దిండ్లకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. మంచాన్ని వరండాలోకి మార్పించుకుంది, పిల్లలు వస్తే లేవనక్కర్లేకుండా. ఒక ఆదివారం పెన్సిల్ నా చేతిలో పెట్టి, "నా తర్వాత డ్యూటీ నీదే. నా రిలీవర్‌వి నువ్వే," అంది.

నేను నర్సును కాను. సూక్ష్మజీవుల సంగతి తప్ప నాకేం తెలుసు? ఇతరుల జీవితాల మీద ఎర్రగీత కొట్టడానికి నేనెవరిని, సొంత సీవీలోనే నాలుగేళ్ళు అబద్ధం రాసినదాన్ని? ఇవన్నీ నోటిదాకా వచ్చాయి. "చూద్దాం సిస్టరమ్మా," అని మాత్రం అన్నాను, పెన్సిల్ బల్ల మీద పెట్టేసి. ఆమె ఒత్తిడి చేయలేదు. "నర్సుకు ఒకటే రూలు. రిలీవర్ వచ్చేదాక డ్యూటీ దిగొద్దు," అని మాత్రం అంది.

ఆ మాట నన్ను నెలల తరబడి పీడించింది. ఆమె ఒక్కో ఊపిరికి పడే యాతన చూసినప్పుడల్లా, నా "చూద్దాం" కోసమే ఈ మనిషి డ్యూటీ దిగకుండా కూర్చుందేమో అనిపించేది. అలా అనుకోవడం నాకు నేను ఎక్కువ విలువ ఇచ్చుకోవడమేమో అని కూడా అనిపించేది. రెండింట్లో ఏది నిజమో ఇప్పటికీ తెలియదు.

పోవడానికి నాలుగు రోజుల ముందు, సాయంత్రం ఆమెను చూడ్డానికి వెళ్ళేసరికి నస్రీన్ వచ్చి కూర్చుంది. గాజుల పనిచేసే వాళ్ళింటి అమ్మాయి, కొత్తగా నర్సింగ్ పాసైంది. ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు పోస్టుకు మర్నాడే ఆఖరు రోజు. సిస్టరమ్మకు కళ్ళద్దాలు పెట్టుకునే ఓపిక లేదు. కళ్ళు మూసుకునే నా వైపు చేయి చూపి, చదువు అంది. చదివాను. పేరు, ఊరు, ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు, రంగు చామనఛాయ, అన్నదమ్ములు ఇద్దరు, ఇద్దరికీ పెళ్ళి కాలేదు.

"డ్యూటీకి పిలుస్తరా బిడ్డా, పెండ్లిచూపులకు పిలుస్తరా?" అంది సిస్టరమ్మ, కళ్ళు తెరవకుండానే.

"జిరాక్స్ భాయ్ దగ్గర ఒకటే ఫార్మాట్ ఉన్నది ఆపా. మా అక్క పెండ్లి రిష్తా కాగితం మీదనే నా పేరు టైపు కొట్టిండు," అంది నస్రీన్. ముగ్గురం నవ్వాం. నవ్వితే సిస్టరమ్మకు దగ్గొచ్చింది, దగ్గాక మళ్ళీ నవ్వింది. ఎర్ర కొనతో ఎత్తూ రంగూ తీసేశాను. పెళ్ళికాని అన్నదమ్ములను కూడా. ఆ చోట పేరు కిందనే నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు, అది ఎప్పటిదాకా చెల్లుతుందో రాయించాను. అది అసలు కాగితంలోనే లేదు. ఐసీయూలో ఆరు నెలల అనుభవం అని ఉన్నచోట ఆగాను.

"నువ్వు చేసినవా, పక్కన నిలబడి చూసినవా?"

"చూసిన అక్కా. రెండు వారాలే."

సిస్టరమ్మ వైపు చూశాను. ఆమె కళ్ళు తెరవలేదు. కొట్టేశాను. ట్రైనింగ్‌లో రెండు వారాలు చూసినట్టు రాయించాను. తర్వాత తెలిసిన భాషలు. ఇంగ్లీషు, హిందీ అని ఉంది.

ఉర్దూ ఏమైందని అడిగాను. అది ఇంట్లో మాట్లాడేదే కదా, చదువుకున్నది కాదుగా అంది. మరి తెలుగు? అది గల్లీల వచ్చింది, అంది. వార్డులో ఏ భాష మాట్లాడేదానివని అడిగాను. "ముసలమ్మలు చెప్పేది డాక్టర్ సాబ్‌కు సమజ్ కాకుంటే నన్నే పిలిచేటోళ్ళు అక్కా. రోజుకు పదిసార్లు. వేరే వార్డుల నుంచి గూడ."

పెన్సిల్ తిప్పాను. రోగులతో ఉర్దూలో, తెలుగులో మాట్లాడి డాక్టర్లకు వివరించిన అనుభవం ఉంది అని నీలి అక్షరాల్లో రాశాను. అదే ముక్క లెటర్‌లో రెండో వాక్యంగా పెట్టించాను. ఇది నాకు ఎవరూ చెప్పలేదు.

సిస్టరమ్మ కళ్ళు తెరిచింది. భుజం దగ్గరి వాచీని రెండు వేళ్ళతో ఎత్తి చూసుకుంది. "టైం రాసుకో," అంది నాతో. "హ్యాండోవర్ అయిపోయింది. నేను డ్యూటీ దిగిన."

నస్రీన్ వెళ్ళాక, మూడో దరఖాస్తులో ఆ వాక్యం తీసేసిన సంగతి మొదటిసారి ఆమెకు చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. "దానికి జవాబు వచ్చిందా?" అంది. రాలేదన్నాను. "మరి ఫికరేంది," అని దిండ్ల మీదికి తల వాల్చింది.

చర్చి వెనక సమాధుల చోట ఆమెను పెట్టి వచ్చిన మూడో రోజు, నస్రీన్‌కు ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. ఉద్యోగం వస్తుందో రాదో. సిస్టరమ్మ మేనకోడలు ఫోల్డర్ల పెట్టెను, అందులోనే ఆ పెన్సిల్ పెట్టి, మా ఇంటికి పంపింది. ఆదివారం ఇద్దరు పిల్లలు సీవీలు పట్టుకుని వచ్చారు, మా వరండా చిన్నదని గోడకు ఆనుకుని నిలబడ్డారు. నేను మోచేతుల దాకా కడుక్కుని వచ్చి, పెన్సిల్ చెక్కుదామని చేతిలోకి తీసుకున్నాను. అంతకుముందు దాన్ని పట్టుకున్నానే గాని సరిగ్గా చూడలేదు. పైన ఎర్రరంగూ నీలిరంగూ కలిసే గీత నడిమధ్యన ఉండాలి కదా. ఎరుపు పొడుగ్గా, దాదాపు కొత్తదానిలా ఉంది. నీలం చెక్కి చెక్కి, బొటనవేలి గోరంత మిగిలింది.