మామ్మా, లాగు

"ఆ కాయితాలు కింద ఎట్టు."

"ఎట్టను. ఎనిమిది గంటలు మిషన్ మోత ఇని వచ్చినాను. ఇంటికొస్తే ఇక్కడా ఫిడేలు మోతేనా?"

"నీకు మోత. నీ కూతురికి రేపటి బతుకు. ఎట్టమంటే ఎట్టు."

"ఎవుడో ఫిన్లాండోడంట, మంచులో కూకుని పాటలు రాసినాడంట. ఈ మలేసియాలో, బంటింగ్ ఊళ్లో ఉన్న మనకి వాడితో ఏటి పని లా?"

"వాడు తాగినా పాటలు రాసినాడు. నువ్వు తాగి ఏటి సేసినావు?"

ఆ చివరి మాట నేను అనకుండా ఉండవలసింది. నా కొడుకు ఎడమచేత్తో మనవరాలి ఫిడేలు మెడ పట్టుకుని, కుడిచేతిలో దాని కాగితాలు నలుపుతూ పొయ్యి పక్కన నిలబడ్డాడు. వాడిది రబ్బరు చేతి తొడుగుల ఫ్యాక్టరీలో పని. షిఫ్టు దిగి తాగి వచ్చాడు. సాయంత్రం ఆరు కూడా కాలేదు. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. మనవరాలు గోడకు ఆనుకుని ఉంది. దాని చెంప మీద అప్పటికే నాలుగు వేళ్లు తేలాయి.

ఆ కాగితాల సంగతి చెప్పాలి. నేను రబ్బరు ఎస్టేటు తెలుగు బడిలో మూడు తరగతులే చదివాను. అందుకేనేమో కాగితం పారేయడానికి నాకు చెయ్యి రాదు. నెల అయిపోగానే కేలండరులో ఆ కాగితం చింపి పరుపు కింద దాస్తాను. మనవరాలు వాటి వెనక స్కేలుతో అయిదేసి గీతలు గీసి పాట రాసుకుంటుంది. దానికి ఫిడేలు నేర్పే టీచరమ్మ తన పాత ఫిడేలు ఇచ్చి, కౌలాలంపూర్‌లో సంగీతం బడి ఒకటి ఉందని చెప్పింది. ఆ ఫిన్లాండ్ ఆయన పద్ధతిలో సొంతంగా ఒక పాట కట్టి, మర్నాడు మధ్యాహ్నం లోపల టీచరమ్మ చేతికి ఇవ్వాలి. బడివాళ్లకు నచ్చితే సీటు, హాస్టల్. హాస్టల్ అంటే నాకు ఒకటే అర్థం, నా కొడుకు చెయ్యి అందనంత దూరం. కోడలు దెబ్బలు పడలేక ఎప్పుడో వెళ్లిపోయింది. పిల్లను మాత్రం వీడు తీసుకువెళ్లనివ్వలేదు.

ఆ ఫిన్లాండ్ ఆయన కథ నేను కూర తరుగుతుంటే మనవరాలే చెప్పేది, సగం తెలుగు, సగం మలయ్, మాట చివర ఇక్కడి వాళ్లందరం తగిలించే 'లా'. అడవిలో ఇల్లట. చలికాలం పొద్దు పొడిచీ పొడవకముందే మునిగిపోతుందట. మనిషి బాగా తాగేవాడట. ఆయన రాసుకుంటుంటే ఇంట్లో ఎవరూ చప్పుడు చేయకుండా పెళ్లాం కాచుకునేదట. ముసలితనంలో, రాసిన కాగితాలు బుట్టతో తెచ్చి తనే మంటలో వేసేశాడట. ఆ తరవాత నెమ్మదించాడట.

"కాయితం దండగ," అన్నాను. పెళ్లాం సంగతి మాత్రం మళ్లీ చెప్పించుకున్నాను. మా ఆయన బెల్టు తీసిన రోజుల్లో నేనూ పిల్లల నోళ్లు మూసేదాన్ని. ఈ కొడుకు నోరూ అలాగే మూశాను.

మనవరాలి సొంత పాట కింది తీగ మీద మొదలయ్యేది, గొలుసు వేసిన కుక్క గుర్రుమన్నట్టు. తరవాత రేకుల కప్పు మీద గాలివాన.

"ఇది పాటటే, కొట్లాటటే?" అని అడిగాను.

"రెండూ మామ్మా," అంది.

ఆ సాయంత్రం కొడుకు నా ఎత్తిపొడుపు వినగానే మోచేత్తో పప్పుగిన్నె తోసేశాడు. ఉడుకు పప్పు నా పాదం మీద పడింది. వాడు కాగితాలు మంటకు పట్టాడు. మనవరాలు మీదికి వస్తే ఫిడేలుతోనే దాని భుజం మీద ఒక్కటి వేశాడు. నేను అట్లకాడ తీసి వాడి ముంజేతి మీద కొట్టాను. మళ్లీ కొట్టాను. ఎముకకు తగిలిన చప్పుడు వినబడింది. అయినా ఆపలేదు.

అప్పుడు అది అరిచింది. "మామ్మా, లాగు. నా లాగు."

నేను లాగాను. అట్లకాడ పడేసి, ఫిడేలు పొట్ట రెండు చేతులా పట్టుకుని, కాలు గోడకు తన్నిపెట్టి లాగాను. మెడ విరిగి వాడి చేతిలో ఉండిపోయింది. తీగ తెగి నా మణికట్టు కోసింది.

మలయ్‌లో లాగు అంటే పాట. పుట్టినప్పటి నుంచి ఈ దేశంలోనే ఉన్నాను, రేడియోలో రోజూ వినే మాట. మనవరాలికి తెలుగు అర్థమవుతుంది గాని, భయం వేస్తే మధ్యలో మలయ్ మాటలు వచ్చేస్తాయి. అది తన పాటను కాపాడమంది. ఆ కొట్లాటలో నా చెవికి తెలుగే వినబడింది. నేను లాగుతున్నంతసేపూ కాగితాలు కాలుతూనే ఉన్నాయి.

వాడు చేతిలో మిగిలిన మెడను చూసి, "నేను కాదు, నువ్వే ఇరగ్గొట్టినావు," అన్నాడు.

నిజమే.

"ఆ ఫిన్లాండోడు తనది తాను కాల్సుకున్నాడు," అన్నాను. "పిల్లదానిది కాల్సలేదు."

వాడు ఆ మెడను నేల మీద పడేసి గదిలోకి పోయాడు. మనవరాలు మసి అంతా చేటలోకి ఎత్తింది. ఏడవలేదు.

మర్నాడు పొద్దున్నే గోడ మీది కేలండరు దింపాను. నెల సగమే అయింది. ఆ నెలా, ఇంకా రావలసిన నెలలన్నీ చింపి దాని ముందు పెట్టాను.

"మామ్మా, ఇంకా నెల ఉంది లా," అంది.

"గీతలు గియ్యి," అన్నాను.

అది గీసింది. గుర్తున్నంత రాసింది. ఆగిన చోట నేను అందుకున్నాను. తిట్టుకుంటూ విన్నదే అయినా, నెల రోజులుగా విన్నది. కుక్క గుర్రుమన్న దగ్గర నుంచి గొంతులోనే కూనిరాగం తీశాను. కొడుకు లేచి వచ్చాడు. ముంజెయ్యి వాచి ఉంది. టీ అడిగాడు. పెట్టలేదు. చివరి రెండు వరుసలు ఇద్దరికీ గుర్తు రాలేదు. పదకొండున్నరకు నేను పాదానికి గుడ్డ చుట్టుకున్నాక ఇద్దరం టీచరమ్మ ఇంటికి నడిచి వెళ్లి, ఆ రెండు వరుసలూ ఖాళీగానే ఇచ్చి వచ్చాం.