పత్తి చేలో నేర్చిన లాటిన్ పాట

ఆ ఏడు క్రిస్మస్ పాటల లిస్టు రాసింది నేనే. అమ్మ పాడే లాటిన్ పాటను కొట్టేసింది కూడా నేనే. బళ్ళో టీచర్ని, గుళ్ళో కీబోర్డు వాయిస్తాను కాబట్టి లిస్టు నా చేతికొచ్చింది. అది తాతయ్య గుళ్ళో జపాలు నేర్పే ఉపదేశిగా ఉన్న రోజుల్లో తెలుగు అక్షరాల్లో రాసి అమ్మకి నేర్పిన పాట. ఊళ్ళో ఇంకెవరికీ రాదు. క్వయర్ పిల్లలకి నోరు తిరగదు. అమ్మ ఒక్కతే పాడుతుంటే వెనక బెంచీల్లో ఫోన్లు బయటికొస్తాయి. అందుకే తీసేశాను.

అమ్మ పత్తి తీసే ముఠాకి మేస్త్రి. లిస్టు మీద వేలు పెట్టి పైనుంచి కింద దాకా వెతికింది.

"మా నాయన ఆ పాటలోనన్నా ఉన్నాడనుకున్నానే. దాన్ని కూడా తీసేశావా?"

"ఒక్కదానివే పాడితే ఏం బాగుంటదమ్మా? పది గొంతులుంటే పెడతా."

"తెస్తా. అప్పుడు మాట తప్పావో, చూడు!"

ఎక్కణ్ణించి తెస్తుందిలే అనుకున్నాను. క్వయర్ ప్రాక్టీసు వైపు ఆమె తొంగి కూడా చూడలేదు. ఒక సెలవురోజు క్యారేజీ ఇద్దామని చేలోకి వెళ్తే సంగతి బయటపడింది. పన్నెండు మంది ఆడవాళ్ళు నడుముకి కట్టిన ఒడిలో పత్తి వేసుకుంటూ లాటిన్ పాడుతున్నారు! ఇద్దరు తప్ప అందరూ బొట్టు పెట్టుకునేవాళ్ళే. చరణం అయ్యేలోపు చెట్టుకున్న పత్తంతా తీసెయ్యాలి. అవగానే అందరూ ఒక్క అడుగు ముందుకేసి తర్వాతి చెట్టు పట్టాలి. ఎవరూ వెనకబడకుండా అమ్మ పెట్టిన పద్ధతి అది.

"పని చానా తొందరగా సాగుతందమ్మాయ్," అంది ఒక పిన్ని. అర్థం ఎవరూ అడగలేదు. ఇంటికొచ్చి పాటను లిస్టులో పెట్టాను.

పండగ పొద్దున పూజలో వాళ్ళు ముందు బెంచీ దగ్గర వరసగా నిలబడ్డారు. పాట ఎత్తుకున్న అమ్మ రెండో మాటకే ఏడ్చేసి ఆగిపోయింది. వాళ్ళు ఆగలేదు. మొదటి చరణం అవగానే పన్నెండు మందీ ఒక్క అడుగు ముందుకేశారు. గుళ్ళో నడవమని ఎవరూ చెప్పలేదు, పాటంటే అడుగుతో కలిపే అనుకున్నారు పాపం. రెండో చరణానికి ఇంకో అడుగు. వెనకెవరో కిసుక్కున నవ్వారు. నాలుగోది అయ్యేసరికి వాళ్ళు బాలయేసు బొమ్మని పడుకోబెట్టిన పశువుల తొట్టి ముందున్నారు. అప్పటికి నవ్వులు ఆగిపోయాయి. నాకు సిగ్గేసింది. వాళ్ళని చూసి కాదు, లిస్టు గుర్తొచ్చి.

పూజయ్యాక చేలో మాట్లాడిన పిన్ని కేకు తింటూ అడిగింది. "ఇంతకీ ఆ పాటలో ఏముందమ్మాయ్?"

"రండి, తొట్టిలో బిడ్డని వచ్చి చూడండి అని పిలుస్తారు, పిన్నీ."

ఆమె నా వంక వింతగా చూసింది.

"మేం వచ్చాంగా మరి! మీ వాళ్ళే, ఒక్కరు కదిలితే ఒట్టు."