నాలుగు పొరల వరస

శనివారం సాయంత్రం విశాఖ నుంచి మా ఊరు చోడవరం వచ్చే బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా బయటికి చూడలేదు. ఆ మధ్యాహ్నం ఇంజనీరుగారి ముందు ఒక మాట గట్టిగా చెప్పేసి వచ్చాను. దారి పొడవునా ఆ మాటే తిరగేసుకుంటూ వచ్చాను.

అవి డెబ్భైల చివరి సంవత్సరాలు. విశాఖలో ఒక చిన్న ఎలక్ట్రానిక్స్ కంపెనీలో డ్రాయింగులు గీసేదాన్ని. పర్మనెంటు కాదు. గీత గీయడం ఐటీఐలో నేర్చుకున్నాను, మిగతా చదువంతా చోడవరం లైబ్రరీ బెంచీ మీదే. ఈ సంగతి ఎవరూ అడగకపోయినా చెప్పేదాన్ని.

మా కంపెనీవాళ్లు చెరకు బళ్లు తూచే కాటాకి అంకెలు చూపించే యంత్రం చేస్తున్నారు. రెండు వైపులా రాగి గీతలున్న బోర్డుతో మొదటిది చేస్తే, పక్కన పెద్ద మోటారు తిప్పగానే అంకెలు గెంతాయి. ఈసారి నాలుగు పొరల బోర్డు అనుకున్నారు. రెండు పొరల్లో సంకేతాలు నడిచే సన్నటి గీతలు ఉంటాయి. ఇంకో పొర నిండా కరెంటు అందించే రాగి రేకు, నాలుగోదాని నిండా ఆ కరెంటు తిరిగి వెళ్లే గ్రౌండు రేకు. నాలుగూ కలిపి ఒకటిగా అతికేస్తారు. ఏది బయట ఉండాలి, ఏది లోపల ఉండాలి అన్నదే తేలాలి. అలాంటి బోర్డు దూరపు నగరంలో చేయించాలి. అదీ ఒక్కసారే, రెండోదానికి డబ్బు లేదు.

"ఈ వరస నువ్వు తేల్చమ్మా. బోర్డు పనిచేస్తే నిన్ను పర్మనెంటు చెయ్యమని నేనే రాస్తాను" అన్నారు ఇంజనీరుగారు. పనిచెయ్యకపోతే ఏమిటో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

శనివారం తేల్చేశాను. రేకులు రెండూ బయట, గీతలు రెండూ లోపల. అప్పుడు మోటారు పుట్టించే కరెంటు గోల గీతల దాకా రాదు. మా లైబ్రేరియన్ నా పోరు పడలేక విశాఖ నుంచి తెప్పించిన ఇంగ్లీషు పుస్తకంలో అలాగే ఉంది. పేజీ నంబరుతో సహా చెప్పాను. ఈ సెక్షన్లో ఆ పుస్తకం చదివినదాన్ని నేనొక్కదాన్నే అని కూడా అన్నాను.

ఆదివారం పొద్దున్న వసారాలో ప్లాస్టిక్ షీటు పరిచి, రాగి గీత రావాల్సిన చోటల్లా నల్ల టేపు అతికిస్తూ కూర్చున్నాను. ఎండ ఎక్కేకొద్దీ వంపుల దగ్గర టేపు జారిపోతోంది. పొలానికి వెళ్తున్న నాన్న గుమ్మంలో ఆగారు.

"ఏటే, గంజైనా తాగకుండా ఈ గీతలేటి?"

"కాటా బోర్డు నాన్నా. మోటారు తిరిగితే అంకెలు గెంతేస్తన్నాయి."

"గెంతనీయే. మన బండెక్కినప్పుడు పైకి గెంతమని సెప్పు, సాలు."

నాకు నవ్వు రాలేదు. అప్పుడే ఒక గీత, విడిభాగం కాళ్లలో వెళ్లాల్సిన పిన్నుకి కాక పక్క పిన్నుకి వెళ్లినట్టు కనిపించింది. పీకి సరిగ్గా అతికించి, మొదటి నుంచీ మళ్లీ చూశాను. ఇంకేమీ కనపడలేదు. కనపడకపోవడం వల్ల భయం తగ్గకపోగా పెరిగింది. పుస్తకం చూస్తే ధైర్యం వస్తుందని లైబ్రరీకి వెళ్లాను.

"ఆ పెన్సిలు ఇక్కడెట్టి సదువుకో" అన్నారు లైబ్రేరియన్. అచ్చుతప్పు కనిపిస్తే పేజీ అంచున దిద్దేస్తానని నా మీద ఆయనకి కోపం. "పుస్తకాలు సదవడానికొస్తావో, పరీక్ష పేపర్లు దిద్దడానికొస్తావో తెలీడం లేదు."

నా పేజీ తెరిచాను. బొమ్మ కింద రెండు అంకెలు తారుమారయ్యాయి. ఎప్పుడో నేనే పక్కన దిద్దాను. ఆ పెన్సిలు గీత చూస్తూ ఉండిపోయాను. ఇంత పుస్తకంలోనూ తప్పు దొర్లింది. అంచు ఖాళీగా ఉంది గనుక దిద్దగలిగాను. నా బోర్డులో గీతలన్నీ రెండు రేకుల మధ్య మూసుకుపోతే, దిద్దేది ఎక్కడ? మా కంపెనీలో బ్లేడుతో ఒక గీత కొయ్యకుండా, ఒక తీగ అతకకుండా బయటికి వెళ్లిన బోర్డు నేను చూడలేదు.

సోమవారం బస్సులో చెప్పాల్సిన వాక్యం వల్లె వేసుకుంటూ వెళ్లాను.

"గీతలు బయటికి, రేకులు లోపలికి మార్చాలండి."

ఇంజనీరుగారు కళ్లజోడు తీశారు. "శనివారం పేజీ నంబరు చెప్పావు కదమ్మా. పుస్తకం తప్పా?"

"కాదండి. ఆ రాసినవాళ్లకి బోర్డు బాగోకపోతే ఇంకోటి వస్తుంది. మనకి రాదు. తప్పుంటే బ్లేడు పెట్టడానికి చోటుండాలి."

"అయితే తప్పుందా?"

"తెలీదండి. అందుకే."

పక్క బల్ల దగ్గర డ్రాఫ్ట్స్‌మన్ గట్టిగానే అన్నాడు. "ఏటమ్మా, ఆదివారం పేజీ తిరగబడిపోయిందేటి?"

"మరి మోటారు గోల?" అన్నారు ఇంజనీరుగారు.

"గీతల పక్క పొరలోనే రేకు ఉంటుంది కదండీ. బోర్డుని ఇనప డబ్బాలో పెడదాం, మిగతా గోల అదే ఆపుతుంది."

ఆయన డ్రాయింగు నా వైపు తోశారు. "సరే. నీ పేరే రాయి దీని మీద." అది మెప్పు కాదని నాకు అర్థమైంది.

బోర్డు వచ్చేదాకా కంపెనీలో ఎవరు పార్సెలు విప్పినా నా చేతిలో పెన్ను ఆగిపోయేది. చివరికి వచ్చింది. విడిభాగాలన్నీ అతికి కరెంటు ఇస్తే, ఆఖరి అంకె వెలగలేదు. మీటరు పట్టుకుని ఒక్కొక్క గీతా వెతికాను. అన్నిసార్లు చూసిన గీతల్లోనే, నేను దిద్దినదానికి దూరంగా, ఇంకో గీత పక్క పిన్నుకి అంటుకుని ఉంది. పై పొరలోనే ఉంది.

బ్లేడు నేనే పెట్టాను. పచ్చ తీగ ముక్క ఒకటి సరైన పిన్నుకి అతికాను. ఆఖరి అంకె వెలిగింది. డబ్బా మూసి మోటారు తిప్పారు. అందరూ అంకెల వైపు చూస్తున్నారు. అవి కదల్లేదు.

"ఇంక రాసేస్తానమ్మా నీ పర్మనెంటు కాగితం" అన్నారు ఇంజనీరుగారు.

"ఇంకోసారి తిప్పించండి" అన్నాను.